సినిమాలో వినిపించని ఓరుగల్లు

(మిమిక్రీ కళాకారులు నేరెళ్ల వేణుమాధవ్ గారి స్మృతిలో హనుమకొండలో ఒక యువ దర్శకుడు చేసిన ప్రసంగ పాఠం)



1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ విడుదలై తెలుగు సినిమా నోరు విప్పింది. అదే ఏడాది డిసెంబరు 28న మన మట్టెవాడలో వేణుమాధవ్ గారు పుట్టారు. ఈ రెండు తేదీలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. అయినా ఈ ఊళ్లో సినిమాలు తీయాలని తిరిగే నాలాంటి వాడికి అవి ఎప్పుడూ పక్కపక్కనే కనిపిస్తాయి. తెలుగు సినిమాకు గొంతు వచ్చిన ఏడాదే, ఒక సినిమా మొత్తాన్ని ఒక్క గొంతులో పెట్టుకుని వేదిక ఎక్కగల మనిషి మన దగ్గర పుట్టాడు.

ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారని, శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారని, 2001లో పద్మశ్రీ అందుకున్నారని ఆయన గురించి చెప్పుకుంటాం. అవన్నీ నిజమే, గర్వపడాల్సినవే. నేను మాత్రం ఆయన్ని సినిమా మనిషిగా చూస్తాను. ‘టెన్ కమాండ్‌మెంట్స్’, ‘మెకన్నాస్ గోల్డ్’ లాంటి ఇంగ్లిష్ సినిమాల సౌండ్‌ట్రాక్‌లను ఆయన వేదిక మీద నోటితో వినిపించేవారు. తెర లేదు, ప్రొజెక్టర్ లేదు, ఎదురుగా ఒక మైకు. మాట, మాట వెనక సంగీతం, ఆ వెనక గాలి. ఏది దగ్గర్లో ఉందో, ఏది దూరంగా ఉందో వినేవాడికి తెలిసిపోయేది. మిక్సింగ్ స్టూడియోలో బోలెడు ట్రాకులు పెట్టుకుని సౌండ్ ఇంజినీర్లు చేసే పనిని ఆయన తన ఊపిరితో చేశారు. ఆ సినిమాలు చూడని వాళ్లకు కూడా బొమ్మ కనబడింది. చూపించకుండానే చూపించడం సాధ్యమని అంతకన్నా గట్టిగా రుజువు చేసినవాళ్లు నాకు తెలిసి లేరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఓరుగల్లును సినిమాల్లో చాలా చూశాం. వినడం మాత్రం జరగలేదు. కాకతీయ తోరణం కనబడని పోస్టరు లేదు. వేయి స్తంభాల గుడి పాటల్లో ఉంది. 2015లో వచ్చిన గుణశేఖర్ గారి ‘రుద్రమదేవి’ కోసం తోట తరణి గారు మన కోటనే సెట్టుగా వేశారు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడ డ్రోన్ ఎగరని ఆదివారం లేదు. ఇంత చూపించినా, కళ్లు మూసుకుని ఏదైనా ఒక సినిమా వింటే ‘ఇది వరంగల్’ అని చెప్పగలమా? నేనైతే చెప్పలేను.

దీనికి కారణం కొంత చరిత్రలో ఉంది. మొదటి టాకీల్లో నటులు కెమెరా ముందే మాట్లాడాలి, అక్కడే పాడాలి. మైకు ఎక్కడో చెట్టు కొమ్మల్లో దాచేవాళ్లు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది, పాట విడిపోయింది. ఆ తర్వాత షూటింగులు స్టూడియోలు దాటి బయటికొచ్చాయి. బయట వాడిన తేలికైన ఆరీ కెమెరాలు తిరుగుతుంటే గిరగిరా చప్పుడు. ఆ చప్పుడు మీద మాట రికార్డు చేయడం కష్టం. దాంతో షూటింగులో పట్టిన మాటను గుర్తుకోసం మాత్రమే ఉంచుకుని, తర్వాత డబ్బింగ్ థియేటర్లో అన్నీ మళ్లీ చెప్పించడం రివాజైంది. అలా మాట కూడా విడిపోయింది. హీరోయిన్ ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. రాజశేఖర్ గారికి, సుమన్ గారికి సాయికుమార్ గారు ఇచ్చిన గొంతు ఎంత గొప్పదో నాకు తెలుసు, ఆ కళను తక్కువ చేయను. కానీ మాటతో పాటు ఇంకొకటి కూడా పోయింది. మాట చుట్టూ ఉండే ఊరు పోయింది. డబ్బింగ్ గదిలో గోడలకు మెత్తలుంటాయి. అక్కడికి హనుమకొండ చౌరస్తా రాదు.

పక్క భాషల్లో కొందరు దీన్ని ముందే పట్టుకున్నారు. అదూర్ గోపాలకృష్ణన్ 1972లో ‘స్వయంవరం’ తీసినప్పుడే నాగ్రా రికార్డర్‌తో లొకేషన్ శబ్దం పట్టారు. ఆ తర్వాత వచ్చిన ఆయన ‘కొడియేట్టం’లో నేపథ్య సంగీతమే లేదు. 2001లో ‘లగాన్’ షూటింగులోనే మాట పట్టే సింక్ సౌండ్‌తో వచ్చాక హిందీ పరిశ్రమ మళ్లీ అటు తిరిగింది. రసూల్ పూకుట్టి గారికి 2009లో ఆస్కార్ వచ్చినప్పుడు సౌండ్ మిక్సింగ్ అనే పని ఒకటుందని మన పత్రికల్లో మొదటి పేజీల దాకా వచ్చింది. తెలుగులో ‘పెళ్లిచూపులు’, మన వరంగల్ వాడైన సందీప్ రెడ్డి వంగా గారి ‘అర్జున్ రెడ్డి’ సింక్ సౌండ్‌లో వచ్చాయి. ‘అర్జున్ రెడ్డి’ కథ గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది, నాకూ ఉంది. కానీ ఆ సినిమాలో మాట తడబడితే తడబడినట్టే వినిపిస్తుంది, ఊపిరి ఎగబీల్చితే వినిపిస్తుంది. మా తరం కుర్రాళ్లను అది కదిలించడానికి సగం కారణం అదే అని నా నమ్మకం.

మన నేల మీద ఇంకా వెనక్కి పోతే బి. నర్సింగరావు గారు కనబడతారు. ఆయన, జి. రవీంద్రనాథ్ గారు నిర్మించగా గౌతమ్ ఘోష్ గారు తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. అందులో బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ గారు పాడుతుంటే, అప్పటిదాకా సినిమా పాటంటే ఏమిటని అనుకున్నామో అది మారిపోయింది. అది శుద్ధి చేసిన గొంతు కాదు, గోచీ గొంగడి గొంతు. నర్సింగరావు గారే తీసిన ‘దాసి’కి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. అర్చన గారికి ఉత్తమ నటి, ఎ.కె. బీర్ గారికి ఛాయాగ్రహణం, మన వైకుంఠం గారికి కళాదర్శకత్వం అని అందరికీ గుర్తే. నేను ఆ సినిమాను మళ్లీ మళ్లీ చూసేది మౌనం కోసం. గడీలో దాసి కమలాక్షి మాట్లాడేది చాలా తక్కువ. దొర పిలిస్తే ఆమె నడిచి వెళ్తుంది. ఆ గడీ ఎంత పెద్దదో, ఆ మనిషికి అందులో ఎంత చోటుందో మనకు కన్ను చెప్పడం కన్నా ముందు చెవి చెబుతుంది. పాత్ర నోరు మెదపలేని చోట సంగీతం పోసి నింపేయకుండా ఊరుకోవడానికి చాలా ధైర్యం కావాలి.

ఈ మధ్య వచ్చిన సినిమాల్లో ‘బలగం’ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 2023 మార్చిలో వచ్చింది. ఊళ్లలో తెరలు కట్టి చూశారు, తెగిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలొచ్చాయి. అందులోని పాటకు మన హనుమకొండ బిడ్డ కాసర్ల శ్యామ్ గారికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ ఆ సినిమా ఆయువుపట్టు చివరన ఉంది. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన ఆ పాటలో. బుడిగ జంగాల కళాకారులు, మన దుగ్గొండి వాళ్లు. చావు ఇంటి ముందు కూర్చుని పాడే గొంతులవి. వేరే ఏ దర్శకుడైనా, వేరే ఏ రోజుల్లోనైనా, అదే బాణీని పేరున్న గాయకులతో పాడించి తెర మీద వీళ్లను కూర్చోబెట్టి ఉండేవాడు. వేణు యెల్దండి గారు అలా చేయలేదు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన గొంతు ఆ సినిమాలో అచ్చంగా ఆయన గొంతుగానే మిగిలింది. ఒక దర్శకుడు ఒక ఊరికి చేయగల మేలు ఇంతకన్నా ఏముంటుంది?

యాస గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు మన మాట సినిమాలో రౌడీకి, లేదా నవ్వించేవాడికి. అది పోయింది, సంతోషం. ఇప్పుడు హీరో కూడా మన మాటే మాట్లాడుతున్నాడు. అయితే కాగితం మీద రాసిచ్చిన ‘గిట్ల’, ‘గట్ల’ పలికితే తెలంగాణ మాట అయిపోతుందని కొందరు అనుకుంటున్నారు. వేణుమాధవ్ గారి రికార్డింగులు వినండి. ఆయన ఒక మనిషిని అనుకరించేటప్పుడు ఆ మనిషి వాడే మాటల కన్నా, ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, వాక్యం చివర గొంతు పైకి పోతుందా కిందికి దిగుతుందా అన్నది పట్టుకునేవారు. వెక్కిరింపుకూ అనుకరణకూ మధ్య గీత అక్కడే ఉంది. మన పరకాల మాట వేరు, మానుకోట మాట వేరు. మండిబజార్‌లో తెలుగు, ఉర్దూ కలిసి నడిచే మాట మరీ వేరు. నేను నటుల్ని ఎంచుకునేటప్పుడు డైలాగ్ కాగితం ఇవ్వను. పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేశారో చెప్పమంటాను. అసలైన మాట అప్పుడు బయటికొస్తుంది.

ఇక నా పని గురించి. నేను తీసినవి చిన్న సినిమాలు. వాటిలో ఆజంజాహి మిల్లు మీద తీసిన దాని గురించి మాత్రం చెబుతాను.

1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు. పత్తి పండే నేలకు నూలు మిల్లు. వేల కుటుంబాలు బతికాయి. కార్మికోద్యమాలు, నాటకాలు, కవిత్వం దాని చుట్టూ పెరిగాయి. ఇప్పుడు అది లేదు. నేను పుట్టి బుద్ధెరిగేసరికే మిల్లు కథ ముగిసింది. మా ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం సమయం చెప్పేటప్పుడు ‘మిల్లు సైరన్ కొట్టినంక’ అంటూనే ఉండేవాళ్లు. ఫొటోలు దొరికాయి. కాగితాలు దొరికాయి. సైరన్ మాత్రం ఎక్కడా దొరకలేదు. ఇన్నేళ్లు ఈ ఊరిని నిద్ర లేపిన ఆ చప్పుడును ఎవరూ దాచుకోలేదు. ఎందుకు దాచుకుంటారు? రేపు కూడా మోగుతుందని అనుకుని ఉంటారు.

ఇంటర్నెట్‌లో మిల్లు సైరన్ అని వెతికితే బోలెడు దొరుకుతాయి. ఏ దేశానివో ఏమో. ఎడిటింగ్ టేబుల్ మీద ఒకటి పెట్టి చూశాం, బాగానే అతికింది. ఎవరికీ తేడా తెలియదని మా వాళ్లన్నారు. నాకు మనసొప్పలేదు. అందులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి, సైరన్ ఎట్లుండేది తాతా అనడిగాను. ఆయన గోడకు చేరగిలబడి కూర్చున్నవాడు నిటారుగా జరిగాడు. రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి లేపాడు. పైకి పోయాక అక్కడే నిలపబోయాడు, దగ్గు అడ్డమొచ్చింది. ‘దమ్ము సరిపోతలేదు బిడ్డా, ఇంకా శానసేపు కూస్తుండె’ అన్నాడు. మళ్లీ చేశాడు. పైదాకా పోయి మళ్లీ తెగింది. మా సౌండ్ రికార్డిస్టు హెడ్‌ఫోన్లు తీయకుండానే నా వైపు చూశాడు. ఇంకో టేక్ అడగొద్దని ఆ చూపుకు అర్థం. అడగలేదు.

సినిమాలో ఖాళీ మైదానం మీద ఆ కూతనే పెట్టాను, తెగిన చోట తెగినట్టే. వరంగల్‌లో చూపించినప్పుడు, సినిమా అయిపోయాక వెనక వరసలోంచి ఒక పెద్దమ్మ లేచింది. ‘గట్ల గాదు, ఇంకా సన్నంగుంటుండె’ అని తను చేసి చూపింది. ఇంకో ఆయన ఒప్పుకోలేదు. షిఫ్టు వదిలే కూత వేరు, ఎక్కే కూత వేరు అని తనూ చేశాడు. కాసేపట్లో ఆ హాలంతా సైరన్లే. వాదించుకుంటున్నారు, నవ్వుతున్నారు, ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. మా రికార్డిస్టు పరుగున వెళ్లి కారులోంచి మైకు తెచ్చాడు. నా సినిమా కన్నా ఆ రికార్డింగు విలువైనది. మిల్లు సైరన్ అసలు ఎలా ఉండేదో అందులో లేకపోవచ్చు. అది ఎవరెవరి చెవుల్లో ఎలా మిగిలిందో ఉంది. వేణుమాధవ్ గారి ఊరికి మిమిక్రీ ఎక్కడి నుంచో రాలేదని నాకు ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు రాస్తున్నది పెద్ద సినిమా. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక రోజు కథ. ఒక రైతు, ఒక హమాలీ, ఒక అడ్తి గుమాస్తా. మిర్చి సీజన్లో తెల్లవారుజామున ఆ యార్డులోకి వెళ్లినవాళ్లకు తెలుసు. మైలు దూరం నుంచే ముక్కు చెబుతుంది. లోపల ఎర్రగా కొండల్లా బస్తాలు, తేజ, వండర్‌హాట్, మన చపాట. ఎంత అందమైన బొమ్మ! ప్రతి ఫొటోగ్రాఫరూ అక్కడే ఆగిపోతాడు. నేను కళ్లు మూసుకుని ఆ యార్డులో నిలబడి చాలా పొద్దులు గడిపాను. మొదట వినిపించేది దగ్గు. అందరూ దగ్గుతుంటారు, ఎవరి దగ్గు వారిది. ఏళ్లుగా మోస్తున్న హమాలీ దగ్గు పొడిగా, అలవాటుగా ఉంటుంది. మొదటిసారి వచ్చిన రైతు పిల్లాడి దగ్గు ఆగదు. దాని మీద జెండా పాట మొదలవుతుంది. ఆ రోజుకు పై ధర తేలే వేలం అది. ఆ పాటలో పలికే అంకె మైకులో గట్టిగా వినిపిస్తుంది. తర్వాత ఒక్కో కుప్ప దగ్గర అసలు ధర మాట్లాడుకునేటప్పుడు గొంతులు తగ్గిపోతాయి. జెండా పాట ధరకూ రైతు చేతికొచ్చే ధరకూ మధ్య ఎంత తేడా ఉంటుందో లెక్కలేసి చెప్పొచ్చు. నేను దాన్ని గొంతు తగ్గడంలో చెప్పాలనుకుంటున్నాను. గట్టిగా పలికిన ధర ఒకటి, గుసగుసగా ముగిసిన బేరం ఒకటి. ఈ కథను డబ్బింగ్ గదిలో చేయలేం. ఆ ఘాటులో నిలబడి మాట్లాడే గొంతు వేరు, ఏసీ గదిలో నీళ్లు తాగి మాట్లాడే గొంతు వేరు.

నిర్మాతలను కలిసినప్పుడు సింక్ సౌండ్ అంటే వాళ్ల మొదటి ప్రశ్న ఖర్చు. రెండోది, మార్కెట్లో అంత గోలలో ఎలా అని. ఆ గోలే నా సినిమా అని చెబుతాను. కొందరు వింటారు, కొందరు టీ తాగి పంపిస్తారు. రాత్రి యార్డు ఖాళీ అయ్యాక కొన్ని సీన్లు తీద్దాం, మైకును దగ్గరగా పెడదాం, నటులకు లాపెల్ మైకులు పెడదాం అని ఒక్కోటీ కాగితం మీద రాసి చూపిస్తున్నాను. దారి ఉంది. కష్టమే, కానీ ఉంది.

ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. పెళ్లి షూట్లలో సంపాదించి ఆ డబ్బుతో షార్ట్ ఫిల్ములు తీస్తున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. నేనూ అట్లా వచ్చినవాడినే. ఇవాళ ఫోన్ కెమెరా కూడా కావలసినంత బొమ్మ ఇస్తుంది. డ్రోన్ అద్దెకు పెట్టే డబ్బులో సగం ఒక మంచి మైకుకు, దాన్ని పట్టుకునే మనిషికి పెట్టండి. ఏ లొకేషన్లో తీసినా, పని అయిపోగానే సామాను సర్దడం మొదలుపెట్టకండి. అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక్క నిమిషం ఆ చోటి శబ్దాన్ని అట్లాగే రికార్డు చేయండి. రూమ్ టోన్ అంటాం దాన్ని. కొత్తవాడలో ఒక జంపఖానాల నేతగాడి ఇంట్లో ఆ నిమిషం పట్టినప్పుడు, ఆగిపోయిన మగ్గం కర్రలు సర్దుకుంటున్న చిటపట, పక్కింట్లో టీవీ, ఎక్కడో కుక్కర్ కూత, వీధి చివర మసీదు నుంచి మైకులో పిలుపు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ ఇంటి గోడలు ఎంత దగ్గరగా ఉన్నాయో నా కెమెరా చూపలేకపోయింది, ఆ నిమిషం చూపింది. ఇంకో పదేళ్లకు ఆ వాడలో మగ్గం ఉంటుందో ఉండదో. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. నేసే చేతులు తగ్గుతూనే ఉన్నాయి.

బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌ను చివర్లో ఆలోచించండి. ముందు సినిమాను అది లేకుండా ఒకసారి మీ అమ్మకో, నాయనకో చూపించండి. వాళ్లు ఎక్కడ ఫోన్ చూసుకుంటారో గమనించండి. అక్కడ సమస్య సీనులో ఉంటుంది, సంగీతం దాన్ని కప్పిపెడుతుందంతే. సంగీతం వద్దని నేను అనను. చంద్రబోస్ గారు మన చల్లగరిగ నుంచి ఆస్కార్ దాకా వెళ్లింది పాటతోనే. పాటకు ముందు, పాటకు తర్వాత ఊరు కూడా కాస్త వినబడనివ్వమని అడుగుతున్నాను.

చివరగా ఒక విన్నపం. నేను, కొందరు మిత్రులు కలిసి ఓరుగల్లు పాత శబ్దాలను పోగుచేస్తున్నాం. 1980ల్లో, 90ల్లో మీ ఇళ్లలో టేప్ రికార్డర్లు ఉండేవి. పెళ్లిలో అప్పగింతల పాటలు, బతుకమ్మ నాడు ఆడవాళ్లు చప్పట్లతో పాడినవి, ఒగ్గుకథ, రాత్రి భజన, దుబాయ్ పోయిన కొడుకు కోసం ఇంటివాళ్లు మాటలు నింపి పంపిన క్యాసెట్లు. అవి అటక మీద ఉంటే పారేయకండి. బూజు పట్టి ఉంటే అలాగే ప్లేయర్లో పెట్టకండి, రీలు తెగుతుంది, ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది. మా దగ్గర పనిచేసే డెక్ ఉంది, శుభ్రం చేసే మనిషి ఉన్నాడు. కాపీ చేసుకుని మీ క్యాసెట్ మీకు తిరిగి ఇస్తాం. మీరు వద్దన్నది ఎవరికీ వినిపించం. వాటిలో మీకు ముఖ్యమైనది పెళ్లికూతురి పాట కావచ్చు, మాకు ఆ పాట వెనక వాకిట్లో జరిగేది కూడా కావాలి. మిల్లు దగ్గరి వాడల్లో, వరంగల్ స్టేషన్ దగ్గర పొద్దుటి పూట రికార్డు చేసినవి ఉంటే ముందు అవి ఇవ్వండి. ఏదో ఒక పెళ్లి క్యాసెట్లో, మంగళవాయిద్యాల వెనక ఎక్కడో, ఆ సైరన్ ఉండే ఉంటుంది. దానికోసం ఎన్ని పెళ్లిళ్లయినా మొదటి నుంచి చివరి దాకా వినడానికి మేం సిద్ధంగా ఉన్నాం.